మూడో మైలు ఓవెన్

మే నెల పదో తారీఖున మెరకపాలెం లాకుల పక్కనున్న కాలవగట్ల పరిరక్షణ శాఖ ఆఫీసులో ఇంజనీరు గారి బల్ల మీదికి రెండు కాగితాలు చేరాయి.

మొదటిది వర్క్ ఇన్‌స్పెక్టర్ తాతబ్బాయి స్వదస్తూరీతో రాసి పట్టుకొచ్చింది. ఎడమగట్టు మూడో మైలు దగ్గర పందికొక్కులు తవ్వి తవ్వి గట్టును జల్లెడ చేసేశాయనీ, జూన్ ఒకటిన కాలవకు నీళ్లు వదిలేలోగా ముప్పై గజాల మేర పాత మట్టి తీసేసి, నలభై ట్రాక్టర్ల బంకమట్టి పోసి దిమ్మిస కొట్టకపోతే గండి పడడం ఖాయమనీ, పడితే గట్టు కింది నారుమళ్లన్నీ ఒక్క పూటలో కొట్టుకుపోతాయనీ అందులో ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఆ గట్టు మీద నడుస్తున్న మనిషి రాసిన కాగితం అది.

రెండోది పై ఆఫీసు సర్క్యులర్. "విషయం: ఫలసహిత కాల్చిన ఓట్సు ఉపాహారమును సిబ్బంది ఎల్లరు స్వగృహమందే తయారుచేసుకొనుట – విధివిధానములు – ఉత్తర్వులు జారీ చేయడమైనది."

ఈ సర్క్యులర్ వెనక ఆలోచన లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. కమిషనర్ గారు ఏదో చల్లటి కొండమీద పది రోజుల శిక్షణకు వెళ్లారు. అక్కడ రోజూ పొద్దున్నే ఓట్సులో పాలూ, పళ్ల ముక్కలూ కలిపి, ఓవెన్‌లో పెట్టి, పైన ఎర్రగా పొర కట్టేదాకా కాల్చి వడ్డించారట. పదకొండో రోజున ఆయన నూట ఎనభై మెట్లు ఆయాసం లేకుండా దిగారు. దిగేటప్పుడు ఆయాసం ఎవరికీ రాదన్న సంగతి పక్కనున్నవాళ్లు చెప్పలేదు. చివరి మెట్టు మీదే ఆయనకు శాఖ మొత్తానికి పనికొచ్చే సత్యం బోధపడింది. గట్లకు గండ్లెందుకు పడుతున్నాయి? సిబ్బంది గట్ల మీద నడవకపోవడం వల్ల. ఎందుకు నడవడం లేదు? పొద్దున్నే మినపరొట్టెలూ పెసరట్లూ తిని బరువెక్కి కూర్చోవడం వల్ల. కాబట్టి ఓట్సు. ఇందులో తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు.

సబ్ డివిజన్ ఇంజనీరు సోమశేఖరం గారు సిబ్బంది పందొమ్మిది మందినీ పిలిచి సర్క్యులర్ చదివి వినిపించారు. ఆయన ఇంట్లో మజ్జిగ అడిగినా "సదరు మజ్జిగ" అనే అడుగుతారని పేరు.

"పైన ఉదహరించిన ఉత్తర్వుల మేరకు రేపటి నుండి ప్రతి ఉద్యోగీ సదరు ఉపాహారమును తన ఇంట, తన పర్యవేక్షణలో, నూట ఎనభై డిగ్రీల వేడిలో నలభై నిమిషములు కాల్చవలెను. ఇంటనే తయారైనట్టు గెజిటెడ్ అధికారిచే ధ్రువీకరణ పొందవలెను. సబ్ డివిజన్‌లో గెజిటెడ్ అధికారిని నేనొక్కడనే గనుక, ఉదయం పది గంటలకు ఎల్లరు ఉపాహారముతో హాజరు కావలెను."

"మరి నా మూడో మైలు కాగితం సంగతండీ?" అన్నాడు తాతబ్బాయి.

"అది పరిశీలనలో ఉన్నది," అన్నారు సోమశేఖరం గారు. కాగితం ఆయన టీ గ్లాసు కింద ఉంది.

*

తాతబ్బాయి ఇంట్లో ఓవెన్ లేదు. ఆ మాటకొస్తే ఆ వీధిలోనే లేదు. సర్క్యులర్ నకలు చేతికిచ్చి, భార్య సత్యవేణి ముందు పీట వేసుకు కూర్చున్నాడు.

"నూట ఎనభై డిగ్రీలా?" అంది సత్యవేణి. "డిగ్రీలు మనింట్లో జ్వరానికే గదండీ చూసుకునేది!"

"ఏదోకటి చెయ్యవే. రేపు పదింటికి చూపించాలి."

"అడుగునా పైనా ఎర్రగా కాలాలి, అంతేనా? ఆ మాట తిన్నగా చెప్పచ్చుగా. ఇన్నేళ్లబట్టీ దిబ్బరొట్టి ఎలా కాలుస్తన్నాననుకున్నారు?"

తాతబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. ఆమె బాగా మగ్గిన చక్రకేళీ అరటిపళ్లు రెండు మెదిపింది. పాలలో నానిన ఓట్సు, తరిగిన బెల్లం, చిటికెడు యాలకుల పొడి కలిపింది. యాపిల్ పండు ఒకటి చిన్న ముక్కలుగా తరిగి వేసింది. దళసరి ఇనప మూకుడికి నెయ్యి రాసి, అదంతా పోసి, పైన కిస్‌మిస్‌లు చల్లింది. కింద కొబ్బరిచిప్పల నిప్పులు, మూత మీద మరో గుప్పెడు నిప్పులు. ఇంక చూడకుండా పోయి జడ వేసుకుని వచ్చింది. అప్పటికి వీధి గుమ్మం దాకా కమ్మటి వాసన వచ్చేసింది. మూత తీస్తే పైన బంగారురంగులో పొర కట్టి, అంచులు మూకుడిని వదిలి ఉన్నాయి.

"బాగానే ఉండేట్టుందే," అని తాతబ్బాయి వేలు పెట్టబోయాడు. సత్యవేణి చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఏడో నిబంధన చదవలేదా? ముక్క విరక్కుండా పట్టుకెళ్లాలంట. విరిగింది ఎంగిలి కింద లెక్కంట."

ఆ పూట తాతబ్బాయి ఖాళీ కడుపుతో, చేతిలో వెచ్చటి మూకుడుతో ఆఫీసుకు నడిచాడు. ఆ వంటకం మీద అతనికి కోపమేమీ లేదు. తిననిస్తే ఇష్టపడేవాడే.

*

ఆఫీసులో అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఒక్కడు తప్ప పద్దెనిమిది మందీ మూకుళ్లూ గిన్నెలూ పట్టుకుని వరసలో నిలబడ్డారు. సోమశేఖరం గారు రబ్బరు ముద్ర తీసి, దాని మీద చెక్కి ఉన్న మాటలు చదువుకుని ఆగిపోయారు. "ఒరిజినల్‌తో సరిచూచి ధ్రువీకరించడమైనది" అని ఉంది అందులో. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో నకలు లేని వస్తువును ఎన్నడూ ధ్రువీకరించలేదు.

"ఒరిజినల్ తెచ్చితిరి సరే. నకళ్లు ఏవి?" అన్నారు.

మర్నాటి నుంచి ఒక్కొక్కరూ మూడేసి మూకుళ్లు మోసుకొచ్చారు. ఒకటి ఒరిజినల్, రెండు నకళ్లు. ఒక నకలు ఆఫీసు రికార్డుకు, మరొకటి పై ఆఫీసుకు. సోమశేఖరం గారు నిజాయితీపరుడు. చూడకుండా సంతకం పెట్టే మనిషి కాదు. ఒక్కొక్క నకలునూ ఒరిజినల్ పక్కన పెట్టి పొర రంగు పోల్చి, చెంచాతో రుచి పోల్చి, కళ్లజోడు సవరించుకుని పైనున్నవి లెక్కపెట్టేవారు.

"తాతబ్బాయీ, ఒరిజినల్‌లో పదకొండు కిస్‌మిస్‌లు. రెండవ నకలులో తొమ్మిది. ఈ వ్యత్యాసమునకు నీ వివరణ?"

"దారిలో కాకి తన్నుకుపోయిందండి."

"ఆ విషయము రాతపూర్వకముగా ఇవ్వు."

తాతబ్బాయి రాసిచ్చాడు. ఆయన ఒరిజినల్ మీద గుండ్రటి ఊదారంగు ముద్ర కొట్టి, ఆ చుట్టుపక్కల సంతకం చేసి తిరిగిచ్చారు. అలా మధ్యాహ్నం మూడింటికి పద్దెనిమిది మందీ సిరా పడ్డ మేర కోసేసి, మిగిలింది పొద్దుటి ఫలహారం కింద తిన్నారు.

తిన్నాక తాతబ్బాయి మళ్లీ గట్టు ఊసెత్తాడు. సోమశేఖరం గారు పొట్ట నిమురుకుంటూ కుర్చీలో వెనక్కి వాలారు. అప్పటికి ఆయన యాభై నాలుగు నమూనాల రుచి చూసి ఉన్నారు.

"తాతబ్బాయీ, ఫైళ్లిప్పుడు రెండు రకములు. పచ్చ అట్టవి ఫలహార సంబంధములు, వచ్చిన రోజుననే కదలవలెను. తక్కినవి ఫలహారేతరములు. నూటికి నూరు శాతము అమలు సాధించువరకు ఫలహారేతరములు ముట్టరాదని ఉత్తర్వు."

"నీళ్లు ఆగవు గదండీ!"

"నీళ్లు ఫలహారేతరము," అన్నారాయన, కొంచెం జాలిగానే.

నూరు శాతం ఎందుకు రాలేదో చెప్పాలి. పోతురాజని ఒక లస్కరు ఉన్నాడు. వాడి పని తెల్లారకుండానే గట్టెక్కి పది మైళ్లు నడిచి, ఎక్కడ ఊటొస్తోందో, ఎక్కడ బొరియ పడిందో చూసి రావడం. ఓట్సు కాల్చే వేళకు వాడు ఇంట్లో ఉండడు, గట్టు మీద ఉంటాడు. ఫలహార సమయమున అనుమతి లేకుండా గట్టుపై నడచుచున్నందుకు పోతురాజుకు మెమో ఇచ్చారు. రెండో మెమోతో వాడూ నడక మానేసి మూకుడు పట్టాడు. సబ్ డివిజన్‌లో గట్ల మీద నడిచే చివరి మనిషి కూడా ఆ రకంగా దారిలో పడ్డాడు. అయినా నూరు శాతం కాలేదు, తప్పిన రోజుల నకళ్లు వాడి పేరిట బాకీ ఉండిపోయాయి.

*

మే ఇరవై రెండున గట్టు కింది రైతు అన్నవరం వచ్చాడు. రెండెకరాల సొంత చేనూ, మరో నాలుగు కౌలుదీ ఉన్నవాడు. ఆఫీసు వరండాలో తాతబ్బాయిని పట్టుకున్నాడు.

"తాతబ్బాయి గోరూ, మూడో మైలుకాడ నా కాలు మోకాటి దాకా దిగబడిపోయిందండి. పైకి గట్టు, లోపలంతా బొక్కలే. ఆయ్."

"తెలుసు అన్నవరం. రాసిచ్చాను."

"ఎప్పుడండి?"

"పదో తారీఖున."

"ఈ పాటికి మట్టి పడిపోవాలి గదండి మరి! ఇత్తనాలు నానబోత్తన్నాం. నాలుగేళ్ల కితం గండి పడిపోయినప్పుడు మా యావిడ నగలు కుదవెట్టి మళ్లీ నారు పోశాను. ఈసారి ఎట్టడానికేం లేదండి." అన్నవరం లోపల వరసలో మూకుళ్లతో నిలబడ్డవాళ్లను వింతగా చూశాడు. "ఎవరింట్లోనన్నా తద్దినవాండి?"

ఆ పూట తాతబ్బాయికి తన ఉద్యోగం మీద సిగ్గేసింది. ఇరవై ఆరేళ్లలో చాలాసార్లు విసుగు పుట్టింది గానీ సిగ్గు పుట్టడం అదే మొదలు. ఇంటికొచ్చి సత్యవేణితో అంతా చెప్పుకున్నాడు. ఆమె మర్నాటి నకళ్లకు అరటిపళ్లు వలుస్తోంది.

"మట్టికి ఆ పచ్చట్ట ఫైలేగా కావాలి? ఓవెన్లు లేనోళ్లకి మట్టి ఓవెన్లు కట్టిస్తామని మొన్నేదో కాగితం తెచ్చారుగా?"

"తొమ్మిదో నమూనా."

"మరింకేం! పొయ్యి ఎంతుండాలో వాళ్లకేం తెలుసు? ఒక్కనాడన్నా మట్టి మెత్తిన మొహాలా?"

తాతబ్బాయి ఉద్యోగంలో అబద్ధం రాసి ఎరగడు. అయినా పెట్టె తెరిచి తొమ్మిదో నమూనా తీశాడు. 'ఓవెన్ లేని సిబ్బంది ఉమ్మడి మట్టి ఓవెన్ నిర్మించుకొనుటకు ప్రతిపాదన.' స్థలము: ఎడమగట్టు, మూడో మైలు. పొడవు: ముప్పై గజములు. మట్టి: బంకమట్టి, నలభై ట్రాక్టర్లు. నిర్మాణ పద్ధతి: పాత మట్టి తొలగించి, పొరలుపొరలుగా పోసి, దిమ్మిస కొట్టుట. ప్రయోజనము అన్నచోట కలం ఆగింది. కాసేపాగి, "అందరికీ నాలుగు మెతుకులు" అని రాశాడు. అది మాత్రం అబద్ధం కాదు.

సోమశేఖరం గారు ప్రతిపాదన చదివి కళ్లజోడు తీశారు.

"ముప్పై గజముల ఓవెనా?"

"పందొమ్మిది మందిమండి. ఒరిజినళ్లూ నకళ్లూ కలిపి యాభై ఏడు మూకుళ్లు. పక్కపక్కనే పెట్టాలి. మధ్యన మనిషి మసలాలి గదండీ."

ఆయన కాగితం మీద గుణించి చూశారు. లెక్క సరిపోయింది. లెక్క సరిపోయాక సందేహించడం ఆయన స్వభావంలో లేదు. పచ్చ అట్ట వేసి ఆ పూటే పైకి పంపారు.

గట్టు కోసమని పన్నెండు రోజులు కదలని మట్టి, ఫలహారం కోసమని రెండు రోజుల్లో మంజూరైంది. అంతటితో ఆగలేదు. "భవిష్యత్ అవసరముల దృష్ట్యా ఓవెన్ పొడవు నలభై గజములకు పెంచడమైనది. ఇట్టి చొరవ ఇతర సబ్ డివిజన్లకు ఆదర్శప్రాయము. తాతబ్బాయిని ఓవెన్ ఇన్‌చార్జిగా నియమించడమైనది. ఓవెన్‌కు సంబంధించిన సమస్త ఉత్తర ప్రత్యుత్తరములు అతని పేరిటనే జరుపవలెను" అని కింద కమిషనర్ గారి అభినందన కూడా ఉంది.

ఇరవై ఆరో తారీఖున ట్రాక్టర్లు వచ్చాయి. అన్నవరమూ, గట్టు కింది రైతులూ పలుగులూ పారలూ పట్టుకుని దిగారు. పాత గట్టు తవ్వుతుంటే బొరియల్లోంచి పిల్లులంతేసి పందికొక్కులు పరుగెత్తాయి. తాతబ్బాయి నాలుగు రోజులూ ఎండలో నిలబడి, జానెడు మట్టికొకసారి నీళ్లు చల్లించి, దిమ్మిస కొట్టించాడు. ముప్పయ్యో తారీఖుకు గట్టు లేచి నిలబడింది. ఒకటిన లాకులెత్తారు. ఎర్రనీళ్లు నురగలు కక్కుతూ వచ్చి మూడో మైలు దగ్గర కొత్త మట్టిని ఒరుసుకుంటూ ముందుకు వెళ్లిపోయాయి. చుక్క కారలేదు. తాతబ్బాయి కండువాతో కళ్లొత్తుకున్నాడు. చెమట అని అన్నవరంతో అన్నాడు గానీ కాదు.

*

జూన్ పన్నెండున ఓవెన్ తనిఖీకి జిల్లా నుంచి పెద్ద ఇంజనీరు గారు దిగారు. వెంట సోమశేఖరం గారు. ఆయన ఈ నెలలో బాగా ఒళ్లు చేశారు, గట్టెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సత్యవేణి గట్టు చివర మూడు రాళ్ల పొయ్యి పెట్టి, మూత మీద నిప్పులతో ఒక మూకుడు కాలుస్తోంది. పెద్ద ఇంజనీరు గారు ఆకులో పెట్టింది తిని, మళ్లీ వేయించుకుని, వేళ్లు తుడుచుకున్నారు.

"అమోఘము. ఇంతకు ఓవెన్ ఎక్కడ?"

"తమరు నించున్నదేనండి," అన్నాడు తాతబ్బాయి.

ఆయన ఉలిక్కిపడి ఒక కాలు పైకెత్తారు. తర్వాత కాలలేదని గమనించి దించారు. కాలవ వైపు చూశారు. మళ్లీ చేల వైపు చూశారు. నారు జానెడెత్తు లేచి గాలికి ఊగుతోంది.

"మట్టి ఓవెన్ అనగా ఈ తీరున ఉండునా?"

"ఆరుబయలు రకమండీ," అన్నాడు తాతబ్బాయి.

పెద్ద ఇంజనీరు గారు ఫైలు తెరిపించి, టేపు పట్టించి కొలిపించారు. సరిగ్గా నలభై గజాలు. ఫైల్లో ఉన్నదే నేల మీదా ఉండడం ఆయన సర్వీసులో అరుదు. ముఖం విప్పారింది. వంగి అరచెయ్యి మట్టికి ఆనించారు.

"నిర్మాణము దిట్టముగా ఉన్నది. కాని చల్లగా ఉన్నదేమి?"

పని బాగుందని అనిపించుకున్న సంతోషంలో తాతబ్బాయి నోరు జారాడు. "పక్కన నీళ్లున్నాయి గదండీ."

"ఓహో!" అన్నారాయన. జేబులోంచి కలం తీసి ఏదో రాసుకున్నారు. ఆ కలం కదులుతున్నంతసేపూ తాతబ్బాయికి కాలవ హోరు వినబడలేదు.

మూడో రోజున పచ్చ అట్ట ఫైలు ఓవెన్ ఇన్‌చార్జి పేరిట వచ్చింది. తాతబ్బాయి తన బల్ల దగ్గర విప్పి చదివాడు. "మూడవ మైలు ఓవెన్ సర్వవిధముల సంతృప్తికరము. అయితే సదరు ఓవెన్‌ను ఆనుకొని కాలువ నీరు ప్రవహించుచున్నందున వేడి నిలుచుట లేదు. కావున ఇది అందిన మూడు దినములలో లాకులు దించి, సదరు నీటిని తొలగించి, ఓవెన్ ఆరువరకు కాలువను పొడిగా ఉంచవలెను. స్థానిక ఇంజనీరుకు సమర్పించి అమలుపరచవలెను."

గండి నుంచి కాపాడిన నారు ఇప్పుడు ఎండిపోతుంది. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర అన్నవరం ఉన్నాడు. వార్త అప్పటికే ఊరికి పాకినట్టుంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

కాగితాన్ని చింపెయ్యచ్చు. చింపితే నకలు వస్తుంది. ఇంజనీరు గారి కాళ్లు పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఆయన కూడా బాధపడి, బాధపడుతూనే లాకులు దింపిస్తారు, పచ్చ అట్ట మరి. తాతబ్బాయి ఆ ఫైలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పచ్చ అట్ట. నెల రోజులుగా ఈ ఆఫీసులో కదిలినదల్లా ఆ రంగే.

అతను నెమ్మదిగా ముడి విప్పాడు. పచ్చ అట్ట ఊడదీసి బల్ల సొరుగులో పెట్టాడు. మామూలు మట్టిరంగు అట్ట తీసి ఆ కాగితానికి తొడిగాడు. పైన చక్కటి దస్తూరీతో, "ఎడమగట్టు మూడో మైలు – గట్టు భద్రత – తక్షణమే చేపట్టవలసిన పని" అని రాశాడు. తక్షణమే అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

సోమశేఖరం గారు ఎడమచేత్తో ఒరిజినల్, కుడిచేత్తో నకలు పట్టుకుని వెలుగులో పోల్చి చూస్తున్నారు.

"పై ఆఫీసు ఫైలండీ. తమకు సమర్పించమన్నారు."

"ఫలహారమా?"

"కాదండి. గట్టు సంగతి."

ఆయన తలెత్తలేదు. చెంచాతో గోడవారనున్న బీరువా చూపించారు. "అందులో పడెయ్యి. తరువాత చూతము."

బీరువాలో అలాంటి మట్టిరంగు అట్టలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. తాతబ్బాయి మధ్యలోంచి కొన్నిటిని పైకెత్తి దాన్ని లోపలికి దోపి, తలుపు వేసి, బయటికొచ్చాడు. అన్నవరం ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కాలవ కట్టేత్తారంటగా తాతబ్బాయి గోరూ? నిజవేనాండి?"

"కడతారు అన్నవరం. కాగితం వచ్చింది, ఇంజనీరు గారికి ఇచ్చేశాను."

"ఎప్పుడండీ?" అన్నాడు అన్నవరం, పట్టుకున్న చేతులు వదలకుండానే.

తాతబ్బాయి వెనక్కి తిరిగి ఓసారి ఆఫీసు వంక చూశాడు.

"గట్టు ఫైల్లో పెట్టాను. కోతలై, కుప్పలై, నూర్పిళ్లయ్యాక చూస్తారు. నువ్వెళ్లి ఊడుపులు కానిచ్చుకో."